ఏ చిత్రం గొప్పది? – 'స్టార్ వార్స్' అభిమానుల తగవు, దాని చరిత్ర

నలుగురు కూడి ఒక కథ విన్నాక, అందులో ఏ ఘట్టం గొప్పదన్న వాదం రాకమానదు. కవిత్రయంలో ఎవరు మేటి అని మన పండితులు తరాల తరబడి వాదించుకున్నారు. ఏ నటుడి నోట పద్యం బాగా పలికిందని నాటకం విడిచాక దారి పొడుగునా తగవులాడుకున్నవాళ్ళు మన ఊళ్ళల్లో కొల్లలు. సినిమా వచ్చాక ఈ తగవు కాఫీ హోటళ్ళకీ, కాలేజీ హాస్టళ్ళకీ చేరింది. ఒకే కథను భాగాలుగా సాగదీస్తూ చిత్రాలు తీసే వ్యాపారం పెరిగాక, ఆ భాగాల్లో మొదటిది గొప్పా, రెండవది గొప్పా అని వరస కట్టడం ప్రపంచమంతటా ఒక వ్యాసంగమే అయి కూర్చుంది.

విమర్శకులు దీన్ని పనిలేనివాళ్ళ పనిగా తీసిపారేయడం పరిపాటి. సాహిత్య విమర్శకు సూత్రాలున్నాయి, ప్రమాణాలున్నాయి, ఈ అభిమానుల వరసలకు ఏముంది, ఇష్టాయిష్టాలు తప్ప? అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే లక్షలాది జనం యాభై ఏళ్ళపాటు ఒక తగవును వదలకుండా పట్టుకున్నప్పుడు, ఆ తగవుకు సామాజిక కారణం ఉండి తీరుతుంది. దాన్ని వెదకడం విమర్శకుడి బాధ్యత. అందుకు అన్నిటికన్నా వీలైన ఉదాహరణ అమెరికాలో పుట్టిన 'స్టార్ వార్స్' చిత్రాల వరస. ఈ వరసలో ఏది ఎన్నవదన్న తీర్పు ఎన్నిసార్లు మారిందో, ఎందుకు మారిందో చూస్తే, సినిమా కథ ఎవరిదన్న అసలు ప్రశ్న దగ్గరికి చేరుకుంటాం.

ఈ కథ పుట్టుకలోనే ఆ ప్రశ్న ఉంది. 1934లో అమెరికా పత్రికల్లో 'ఫ్లాష్ గోర్డన్' అనే బొమ్మల కథ మొదలైంది. గ్రహాంతరాలకు పోయి నియంతను ఎదిరించే వీరుడి కథ అది. 1936 నుంచి అది సీరియల్ చిత్రాలుగా కూడా వచ్చింది. చిన్నప్పుడు వాటిని చూసి పెరిగిన దర్శకుడు జార్జ్ లూకాస్, 1970ల మొదట్లో తాను 'ఫ్లాష్ గోర్డన్' తీయాలనుకున్నాడు. హక్కులు దొరకలేదు. దాంతో తన సొంత కథ అల్లుకున్నాడు. అల్లడంలో తనకు నచ్చినవన్నీ వాడుకున్నాడు. జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1958లో తీసిన 'ది హిడెన్ ఫోర్ట్రెస్' చిత్రం, యుద్ధంలో చిక్కుకున్న రాకుమారి కథను ఇద్దరు సామాన్య రైతుల కళ్ళతో చెబుతుంది. లూకాస్ కథలో ఆ ఇద్దరు రైతుల స్థానంలోకి రెండు యంత్రమానవులు వచ్చాయి. పాత కౌబాయ్ చిత్రాలూ, యుద్ధ విమానాల చిత్రాలూ, పురాణ గాథలూ అన్నీ వచ్చి ఇందులో కలిశాయి.

ఇది తప్పని నేననడం లేదు. కథలన్నీ ఇలాగే పుడతాయి. గమనించవలసిందేమిటంటే, ఒకరి హక్కులు అడ్డు తగలడం వల్ల పుట్టిన ఈ కథ, పుట్టీపుట్టకముందే మరొకరి హక్కుగా మారింది. ట్వెంటీయత్ సెంచురీ ఫాక్స్ కంపెనీతో ఒప్పందం చేసుకునేటప్పుడు లూకాస్ ఎక్కువ పారితోషికం కోసం పట్టుబట్టలేదు. తరువాయి భాగాలు తీసే హక్కునూ, బొమ్మలూ బట్టలూ వగైరా సరుకుల మీద హక్కునూ తన చేతిలో ఉంచుకున్నాడు. ఆ రోజుల్లో వాటికి పెద్ద విలువ లేదని కంపెనీ అనుకుంది.

1977 మే 25న చిత్రం మొదట ముప్పై పైచిలుకు థియేటర్లలోనే విడుదలైంది. ఎడారి గ్రహంలో పెదనాన్న పొలం చూసుకుంటున్న ల్యూక్ అనే కుర్రవాడు, సామ్రాజ్యంపై తిరుగుబాటు చేస్తున్నవారితో కలిసి, గ్రహాలనే పేల్చగల ఆయుధాన్ని నాశనం చేయడం ఇందులో కథ. ఆ సంవత్సరం చివరికల్లా అంతవరకు అమెరికాలో వసూళ్ళలో మొదటి స్థానంలో ఉన్న 'జాస్' చిత్రాన్ని ఇది దాటిపోయింది. క్రిస్మస్ నాటికి పిల్లలందరికీ ఈ చిత్రంలోని బొమ్మలు కావాలి. బొమ్మలు తయారుచేసే కెన్నర్ కంపెనీ దగ్గర సరుకు లేదు. అందుకని ఆ కంపెనీ ఒక అట్టపెట్టెలో, బొమ్మలు తర్వాత పంపిస్తామనే హామీ పత్రం పెట్టి అమ్మింది. జనం కొన్నారు. లోపల బొమ్మ లేని పెట్టెను సంతోషంగా కొనేటంత మమకారం ఒక కథ మీద ఏర్పడిందంటే, అది ఆ కథ బలమూ అవును, ఆ వ్యాపారం బలమూ అవును. ఈ రెంటినీ విడదీసి చూడలేకపోవడమే తరవాతి తగవులన్నిటికీ మూలం.

ఒక్క చిత్రమే ఉన్నంతకాలం వరసకు తావు లేదు. 1980 మేలో 'ది ఎంపైర్ స్ట్రయిక్స్ బాక్' వచ్చింది. దీనికి దర్శకుడు ఇర్విన్ కెర్ష్నర్, రచయితలు లీ బ్రాకెట్, లారెన్స్ కాస్డన్. లూకాస్ దీన్ని సొంత పెట్టుబడితోనూ, బ్యాంకు అప్పుతోనూ తీయించాడు. ఇందులో తిరుగుబాటుదారులు ఓడిపోతారు. నాయకుడి మిత్రుడు శత్రువుల చేత చిక్కుతాడు. నాయకుడికి చెయ్యి తెగుతుంది. దుష్టనాయకుడు డార్త్ వేడర్ తానే అతని తండ్రినని చెబుతాడు. కథ తీరం చేరకుండా అక్కడే ఆగిపోతుంది.

ఇవాళ ఈ చిత్రాన్ని వరసలో మొదట పెట్టని అభిమాని అరుదు. కాని వచ్చిన కొత్తలో సంగతి వేరు. మెచ్చుకున్న సమీక్షకులు ఉన్నారు, పెదవి విరిచినవారూ ఉన్నారు. 'న్యూయార్క్ టైమ్స్' సమీక్షకుడు విన్సెంట్ కాన్బీకి ఇది నచ్చలేదు. మొదలూ చివరా లేని ముక్క అన్న ఫిర్యాదు అప్పట్లో వినిపించింది. వసూళ్ళలో కూడా ఇది మొదటి చిత్రాన్ని అందుకోలేదు.

అయితే ఆ అసంపూర్తి ముగింపే ప్రేక్షకులకు కొత్త పని కల్పించింది. వేడర్ చెప్పింది నిజమా, అబద్ధమా? మూడేళ్ళపాటు బడి పిల్లల దగ్గరినుంచి ఉద్యోగుల దాకా దీన్నే చర్చించుకున్నారు. మన తెలుగు ప్రేక్షకులకు ఈ అనుభవం ఉంది. 2015లో 'బాహుబలి' మొదటి భాగం చూసి బయటికి వచ్చినవాళ్ళు, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని 2017లో రెండవ భాగం వచ్చేదాకా అడుగుతూనే ఉన్నారు. ఇలా ఎదురుచూసే కాలంలో ప్రేక్షకుడు వట్టి ప్రేక్షకుడుగా ఉండడు. కథను తన మనసులో తానే నడుపుతాడు. సగం రచయిత అవుతాడు. తరువాతి భాగం వచ్చినప్పుడు దాన్ని ముందటి భాగంతోనే కాక, తాను ఊహించుకున్న భాగంతో కూడా పోల్చి చూస్తాడు. వరస కట్టడంలోని తీవ్రతకు ఇదొక ముఖ్య కారణం.

1983లో 'రిటర్న్ ఆఫ్ ది జెడై' వచ్చింది. ప్రశ్నకు జవాబు దొరికింది, సామ్రాజ్యం కూలింది. కానీ పెద్ద వయసు అభిమానులకు ఒకటి మింగుడు పడలేదు. అడవిలో నివసించే ఈవాక్‌లనే పొట్టి జీవులు, చూడడానికి ఎలుగుబంటి పిల్లల్లా ఉంటారు. వాళ్ళు కర్రలతోనూ, రాళ్ళతోనూ, దూలాలతోనూ సామ్రాజ్య సేనను ఓడిస్తారు. బొమ్మలు అమ్ముకోవడానికే వీళ్ళను పెట్టారని అభిమానులు ఆ చిత్రాన్ని వరసలో కిందికి దించారు. అనుమానానికి ఆధారం లేకపోలేదు. బొమ్మలు అమ్ముడుపోయాయి కూడా.

అయితే ఇదే ఈవాక్‌ల గురించి లూకాస్ చెప్పినది వేరు. అడవిలో ఉంటూ, చేతికందిన పనిముట్లతో అమెరికా మహా సైన్యాన్ని ఎదిరించిన వియత్నాం గెరిల్లాలే తన ఊహకు మూలమని ఆయన పలుమార్లు చెప్పాడు. ఆయన దృష్టిలో ఆ కథలోని సామ్రాజ్యం అమెరికాయే. చూడండి, ఎంత విచిత్రమో! సామ్రాజ్యవాదాన్ని చిన్న జాతి ఓడించిన ఘట్టం, ఆ సామ్రాజ్య దేశంలోనే తయారై, బొచ్చు బొమ్మల వేషంలో లోకమంతా తిరిగింది. ఆ వేషం చూసి అభిమానులు ఘట్టాన్నే తిరస్కరించారు. ఇందులో తప్పు ఎవరిది? వ్యాపారం తన సరుకుకు తగిన వేషం వేసింది. ప్రేక్షకుడు వేషాన్ని సరిగానే పసిగట్టాడు కాని, దాని వెనక ఏముందో చూడలేదు. వరస కట్టే అలవాటులోని బలహీనత ఇక్కడే బయటపడుతుంది. ఏది బాగుంది, ఏది బాగాలేదు అని అడుగుతుంది గాని, ఇది ఏం చెబుతోంది, ఎవరి పక్షాన చెబుతోంది అని అడగడం దానికి అంతగా తెలియదు.

మరి 'ఎంపైర్' మొదటి స్థానానికి ఎలా ఎక్కింది? 1980లలో వీడియో క్యాసెట్టు ఇళ్ళలోకి వచ్చింది. థియేటరులో ఒకటి రెండుసార్లు చూసిన చిత్రాన్ని ఇంట్లో ఎన్నిసార్లయినా తిప్పి చూడవచ్చు. మూడు చిత్రాలనూ వెంటవెంటనే పెట్టి చూడవచ్చు. కథ ఆగిపోయిందన్న లోపం అప్పటికి లోపం కాదు, తరువాతి క్యాసెట్టు పక్కనే ఉంది. రెండవది, 1977లో పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారు పెద్దవాళ్ళయారు. ఓటమి, సందేహం, తండ్రి మీద కోపం అనేవి వారికి అనుభవంలోకి వచ్చాయి. విజయగాథ కన్నా పరాజయగాథ వారికి నిజంగా తోచింది. 2014లో లండన్ నుంచి వెలువడే 'ఎంపైర్' అనే సినిమా పత్రిక తన పాఠకుల చేత ఓట్లు వేయించి 301 ఉత్తమ చిత్రాల జాబితా ప్రకటిస్తే, అన్ని చిత్రాల్లోకీ మొదటి స్థానం 'ఎంపైర్ స్ట్రయిక్స్ బాక్'కే దక్కింది. 1980లో ఉన్న చిత్రమే 2014లోనూ ఉంది. మారినది ప్రేక్షకుడు. కాబట్టి అభిమానుల జాబితాను చిత్రాల యోగ్యతా పత్రంగా కాక, ఒక తరం జీవితచరిత్రగా చదువుకోవడం మేలు.

అయితే, నేననుకున్నట్టు చిత్రమైనా మారకుండా ఉన్నదా? అదీ లేదు. హాలీవుడ్ పాత నలుపు తెలుపు చిత్రాలకు రంగులద్దే వ్యాపారం 1980లలో బయలుదేరింది. దీనికి వ్యతిరేకంగా 1988 మార్చిలో అమెరికా కాంగ్రెసు ముందు సాక్ష్యం చెప్పినవారిలో లూకాస్ ఒకడు. లాభం కోసం కళాకృతులను మార్చేవారు అనాగరికులన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడాడు. గతకాలపు కృతులు జాతి సంపద అని వాదించాడు. మరుసటి ఏడాదే, కాపాడదగ్గ చిత్రాలుగా అమెరికా జాతీయ గ్రంథాలయం ఎంపిక చేసిన తొలి పాతికలో 'స్టార్ వార్స్' చేరింది.

తొమ్మిదేళ్ళు తిరిగాయి. 1997లో అదే లూకాస్ తన మూడు చిత్రాలనూ కంప్యూటరు సాయంతో మార్చి మళ్ళీ విడుదల చేశాడు. కొత్త జంతువులు వచ్చాయి, కొత్త దృశ్యాలు వచ్చాయి. మొదటి చిత్రంలో హాన్ సోలో అనే దొంగరవాణా సాహసికుడు, తనను పట్టుకోవడానికి వచ్చినవాణ్ణి ముందుగానే కాల్చేస్తాడు. కొత్త ప్రతిలో అవతలివాడు ముందు కాల్చినట్టు మార్చారు. స్వార్థపరుడుగా మొదలై మనిషిగా మారిన పాత్ర, మొదటినుంచీ మంచివాడే అయిపోయాడు. అభిమానులు మండిపడ్డారు. పాత ప్రతిని అమ్మకానికి పెట్టమని అడిగారు. 2006లో పాత ప్రతులు డీవీడీల్లో అదనపు డిస్కులుగా వచ్చాయి గాని, ఆ బొమ్మ నాణ్యత నాసి. చివరికి కొందరు అభిమానులే పాత ప్రింట్లు సంపాదించి, రాత్రింబవళ్ళు కూర్చుని, ఫ్రేము తర్వాత ఫ్రేము శుభ్రం చేసి, 1977 నాటి చిత్రాన్ని నిలబెట్టే పని పెట్టుకున్నారు. చట్టం దృష్టిలో వారు హక్కుదారులు కారు. సంస్కృతి దృష్టిలో జాతి సంపదను కాపాడుతున్నది ఎవరు? 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తన ఉత్సవంలో 1977 నాటి అసలు ప్రింటును ప్రదర్శించడమే ఒక విశేష వార్త అయిందంటే, మామూలు ప్రేక్షకుడికి ఆ చిత్రం ఎంత దూరమైపోయిందో తెలుస్తుంది.

రంగులద్దే వ్యవహారం మనకూ తెలిసినదే. 1957లో మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో వెన్నెల కురిపించిన 'మాయాబజార్', 2010 జనవరిలో రంగుల్లో వచ్చింది. రంగుల ప్రతి నచ్చినవారు ఉన్నారు, నచ్చనివారు ఉన్నారు. అయితే పాత ప్రతి ఎక్కడికీ పోలేదు. ఇష్టమున్నవారు దాన్నే చూసుకుంటున్నారు. పోల్చుకోవడానికి రెండూ ఎదుట ఉన్నప్పుడే ప్రేక్షకుడి తీర్పుకు అర్థం. ఒకదాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, రెండవదాన్నే చూపిస్తే అది తీర్పు కాదు, ఆజ్ఞ.

1999లో 'ది ఫాంటమ్ మెనేస్' వచ్చింది. వేడర్ చిన్ననాటి కథ ఇది. 1998 చివర్లో దాని ట్రైలరు వేరే చిత్రాలకు ముందు వేస్తున్నారని తెలిసి, టిక్కెట్టు కొని ట్రైలరు చూసి, అసలు చిత్రం మొదలవగానే లేచిపోయినవారున్నట్టు పత్రికలు రాశాయి. పదహారేళ్ళ ఎదురుచూపు అది. ఆ ఏడు ప్రపంచంలో అత్యధిక వసూళ్ళు ఈ చిత్రానివే. అయినా పాత అభిమానులు దాన్ని వరసలో అట్టడుగుకు తోశారు. వారి విమర్శలో పస ఉంది. సంభాషణలు పొడిగా ఉన్నాయి. జార్ జార్ బింక్స్ అనే హాస్యపాత్ర మాటతీరు కరీబియన్ నల్లవారిని ఎగతాళి చేస్తున్నట్టుందనీ, దురాశాపరులైన వర్తకుల యాస తూర్పు ఆసియావారిని గుర్తుకు తెస్తోందనీ విమర్శకులు ఎత్తిచూపారు. ఇది అవసరమైన విమర్శ. ఒక అభిమాని ఆ చిత్రాన్ని ఇరవై నిమిషాల దాకా కత్తిరించి, తనకు నచ్చినట్టు కూర్చిన ప్రతి క్యాసెట్లలో చేతులు మారింది. చేతల్లో చేసిన విమర్శ అది.

కానీ అదే సమయంలో మరొకటి జరిగింది. ఆ హాస్యపాత్ర ధరించిన నల్లజాతి నటుడు అహమ్మద్ బెస్ట్ మీద ద్వేషం కుమ్మరించారు. పాత్రను రాసినవాణ్ణీ, సొమ్ము చేసుకున్న కంపెనీనీ వదిలి, కూలికి నటించిన మనిషిని పట్టుకున్నారు. ఆ రోజుల్లో ప్రాణం తీసుకోవాలన్న తలంపు దాకా వెళ్ళానని ఆయన 2018లో బయటపెట్టాడు. 2023లో ఆయన ఈ కథకే చెందిన ఒక టెలివిజన్ ధారావాహికలో వీరుడిగా కనిపించినప్పుడు అభిమానులు హర్షించారు. సంతోషమే. అయితే మధ్యలో గడిచిన ఆ ఇరవై పైచిలుకు ఏళ్ళను ఏ చప్పట్లూ తిరిగి ఇవ్వలేవు.

ఆ చిత్రాల స్థానం కూడా ఇప్పుడు మారింది. 1999, 2002, 2005 సంవత్సరాల్లో వచ్చిన ఆ మూడింటినీ చిన్నతనంలో చూసినవారు ఇప్పుడు ముప్పై ఏళ్ళవారు. ప్రజాస్వామ్యాన్ని యుద్ధభయం చూపి చట్టబద్ధంగానే నియంతృత్వంగా మార్చిన కథ 'రివెంజ్ ఆఫ్ ది సిత్'లో ఉందని వారు గుర్తుచేస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో ఆ చిత్రం ఇరవయ్యో ఏట మళ్ళీ విడుదలైతే థియేటర్లు నిండాయి. 'ఎంపైర్'కు జరిగినదే దీనికీ జరుగుతోంది. మొదటి తీర్పును తుది తీర్పు అనుకోవడం ఎంత పొరపాటో చెప్పడానికి ఇంకే సాక్ష్యం కావాలి?

ఇక 2012 అక్టోబరులో లూకాస్ తన కంపెనీని డిస్నీ కంపెనీకి అమ్మాడు. ధర 405 కోట్ల డాలర్లు. ఆ ధరలో కెమెరాలూ, స్టూడియోలూ ఎంత భాగం? తక్కువే. కంపెనీ కొన్నది ప్రధానంగా జనం మమకారాన్ని. ఆ మమకారాన్ని ముప్పై అయిదేళ్ళుగా పెంచి పోషించిన అభిమానికి అందులో వాటా లేదు సరిగదా, మాట కూడా లేదు. 2014 ఏప్రిల్‌లో కొత్త యాజమాన్యం ఒక ప్రకటన చేసింది. 1991లో తిమోతీ జాన్ రాసిన నవల దగ్గరినుంచి ఊపందుకుని, డజన్ల కొద్దీ నవలల్లోనూ బొమ్మల కథల్లోనూ సాగిన తరువాయి చరిత్ర ఇకపై అసలు కథ కాదు, 'ఐతిహ్యాలు' మాత్రమేనన్నారు. ఆ పుస్తకాలు కొని, చదివి, ఆ పాత్రలతో బతికిన పాఠకుల ప్రపంచం ఒక్క ప్రకటనతో చెల్లనిదయిపోయింది. ఏది నిజం, ఏది కట్టుకథ అనే నిర్ణయం, అదీ కట్టుకథలోపలే, యజమాని చేతికి పోయింది.

2015లో 'ది ఫోర్స్ అవేకెన్స్' వచ్చి ప్రపంచంలో 200 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మొదటి చిత్రాన్నే మళ్ళీ తీశారని ఫిర్యాదు వచ్చింది. 2017లో రియాన్ జాన్సన్ తీసిన 'ది లాస్ట్ జెడై' వచ్చింది. ఇందులో పాత వీరుడు ల్యూక్ ఓడిపోయి, విసిగిపోయి, ఏకాంతంలో ఉంటాడు. కొత్త నాయిక ఏ గొప్ప వంశానికీ చెందనిది. ఈసారి పాత పద్ధతి తప్పారని ఫిర్యాదు వచ్చింది. ఈ వరసలో ఇంతగా చీలిక తెచ్చిన చిత్రం మరొకటి లేదు. సమీక్షలను లెక్కగట్టే 'రాటెన్ టొమాటోస్'లో సమీక్షకుల మెప్పు నూటికి తొంభై దాకా ఉంటే, ప్రేక్షకుల మెప్పు సగానికి లోపే నిలిచింది. కానీ థియేటరు గుమ్మంలో ప్రేక్షకుల అభిప్రాయం అడిగే 'సినిమాస్కోర్' సంస్థకు అదే చిత్రం మీద 'ఏ' శ్రేణి అందింది. ఆ ఏడు ప్రపంచంలో అత్యధిక వసూళ్ళూ దానివే. ఇందులో ఏది ప్రేక్షకుల మాట? చూసి ఇంటికి పోయి పడుకున్నవాడిదా, పనిగట్టుకుని వచ్చి ఓటు వేసినవాడిదా? జాబితా అనేది ఎవరు గట్టిగా మాట్లాడారో చెబుతుంది. ఎందరు మౌనంగా ఉన్నారో చెప్పదు.

ఆ చిత్రంలో రోజ్ అనే సామాన్య కార్మికురాలి పాత్ర వేసిన నటి కెల్లీ మేరీ ట్రాన్. వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబంలో పుట్టినది. ఆమె జాతినీ, రూపాన్నీ ఎగతాళి చేస్తూ నెలల తరబడి తిట్లు కురిశాయి. 2018లో ఆమె బహిరంగ వేదికల మీదినుంచి తప్పుకుని, ఆగస్టులో 'న్యూయార్క్ టైమ్స్'లో తన బాధను ఒక వ్యాసంగా రాసింది. మరుసటి ఏడు వచ్చిన 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్'లో ఆ పాత్ర దాదాపు మాయమైంది. ఏ వంశానికీ చెందని నాయిక మళ్ళీ పెద్ద వంశానికి మనుమరాలైంది. వియత్నాం గెరిల్లాల స్ఫూర్తితో ఒక ఘట్టం కల్పించుకున్న కథలో, వియత్నాం బిడ్డకు చోటు ఇరుకైంది. అభిమానుల గొంతుకు కంపెనీ తలవంచిందని కొందరు దీన్ని విజయంగా చెప్పుకున్నారు. అడిగినవారిలో కూడా చాలామందికి ఆ చిత్రం నచ్చలేదు. అరుపులకు భయపడి తీసిన కథ అరిచినవారినైనా తృప్తిపరచదు.

ఈ చరిత్ర అంతా చూశాక, అభిమాని ఎందుకు ఇంత తీవ్రంగా వరస కడతాడో కొంత అర్థమవుతుంది. దీన్ని మన శశిరేఖ కథతో పోల్చి చూద్దాం. వ్యాస భారతంలో లేని ఆ కథను జనం కల్పించుకున్నారు. హరికథకులు చెప్పారు, నాటకాలవాళ్ళు ఆడారు, తోలుబొమ్మలవాళ్ళు ఆడించారు. 1936లో పి.వి. దాస్ తెలుగులో చిత్రంగా తీశాడు. 1957లో విజయా వారికి కె.వి. రెడ్డి మళ్ళీ తీశాడు. ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. బాగా చెప్పినవాడి కథ నిలిచింది. అక్కడ తీర్పు అంటే, నచ్చకపోతే ఇంకొకడు ఇంకో విధంగా చెప్పడం. 2013లో భారతీయ సినిమా నూరేళ్ళ సందర్భంగా సిఎన్ఎన్-ఐబిఎన్ జరిపిన ఓటింగులో 'మాయాబజార్' మొదట నిలిచిందంటే, దాని వెనక అనేక తరాల కథకుల స్వేచ్ఛ ఉంది.

'స్టార్ వార్స్' అభిమానికి ఆ స్వేచ్ఛ లేదు. కథ మీద మమకారం అతనిది, హక్కు మరొకరిది. నచ్చకపోతే ఇంకో విధంగా చెప్పి లోకం ముందు పెట్టే దారి అతనికి చట్టప్రకారం మూసి ఉంది. మిగిలినది ఒక్కటే, ఇచ్చినవాటిలో ఏది ఎన్నవదో చెప్పడం. ఆ ఒక్క హక్కునే అతను పళ్ళ బిగువున పట్టుకున్నాడు. ఈ దృష్టితో చూస్తే వరస కట్టడం ఆస్తి లేనివాడి విమర్శ. యజమానికి కూడా ఇది ఇబ్బంది కాదు. మొదటి చిత్రం గొప్పదన్నా, అయిదవది గొప్పదన్నా సరుకు తనదే. తగవు జరిగినంతకాలం అంగడి తెరిచే ఉంటుంది. అతనికి ఇబ్బంది కలిగించే మాట వేరే ఉంది. ఈ కథ ఇంకా ఎన్నాళ్ళు మీ ఒక్కరిదిగా ఉండాలి అన్న మాట అది. ఆ మాట జాబితాల్లో ఎక్కడా కనిపించదు.

అలాగని జాబితాలు మానుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. పోల్చడం విమర్శకు తొలి మెట్టు. 'నాకిది నచ్చింది' అన్నవాణ్ణి పక్కవాడు 'ఎందుకు?' అని అడగగానే, అతను కారణం వెదకవలసి వస్తుంది. కారణాలు వెదికే ప్రేక్షకుడు, కారణం లేకుండా చప్పట్లు కొట్టే ప్రేక్షకుడికన్నా ఒక అడుగు ముందున్నాడు. పాత ప్రింట్లు కాపాడినవాడూ, జాతి దురహంకారాన్ని ఎత్తిచూపినవాడూ, ఇరవై ఏళ్ళ తర్వాత తన తీర్పును తానే దిద్దుకున్నవాడూ ఈ అభిమానుల్లోనే ఉన్నాడు. నటిని వేధించినవాడూ వీరిలోనే ఉన్నాడు. మొదటివాణ్ణి బలపరచి, రెండవవాణ్ణి నిలదీయడం విమర్శకుల పని. వీరందరినీ కలిపి 'మూక' అని తీసిపారేస్తే, మొదటివాడికి అన్యాయం చేసినవాళ్ళమూ, రెండవవాడికి చాటు ఇచ్చినవాళ్ళమూ అవుతాం.

ఏది మొదటిది, ఏది రెండవది అన్న తగవు ఇవాళ మన నగరాల్లోనూ, అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలోనూ, తెలుగు చిత్రాల మీదా ఇంగ్లీషు చిత్రాల మీదా సాగుతూనే ఉంది. సాగనివ్వండి. అయితే ఆ తగవులో కూర్చున్న ప్రతివాడూ మరి రెండు ప్రశ్నలు జతచేసుకుంటే బాగుంటుంది. ఈ చిత్రం ఎవరి కథ చెబుతోంది? ఈ కథ ఎవరి చేతిలో ఉంది? ఈ రెండూ అడిగిన రోజున జాబితా తారుమారు కావచ్చు, కాకపోవచ్చు. జాబితా రాసే మనిషి మాత్రం కొనుగోలుదారుగా మిగలడు, విమర్శకుడవుతాడు.